విశ్రాంతి యెరుగని గ్రంథులు: స్త్రీ జీవితమున ఒత్తిడి హార్మోనులు

పాలకొల్లు పేరు చెప్పగానే మనకు మొట్టమొదట స్ఫురించునది పంచారామములలో నొకటియైన క్షీరారామము, తొమ్మిదంతస్తులుగా నింగి కెగసిన రామలింగేశ్వరస్వామివారి గాలిగోపురము. చరిత్ర చదివినవారికి పదునేడవ శతాబ్దమున నిచట వర్తకపు కొఠీ నిలిపిన ఒలందావారు. కాని యీ పట్టణమునకును, చేరువనున్న నరసాపురమునకును, ఆ నడుమ పల్లెలకును దూరదేశములలో పేరు తెచ్చినవారు రాజులు కారు, వర్తకులు కారు. ఇంటి అరుగుమీద కూర్చుండి, చిన్న కొక్కెపు సూదితోను తెల్లని నూలుదారముతోను లేసు అల్లిన ఆడువారు. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల మూలమున నీ సీమకు వచ్చిన ఆ అల్లిక తల్లినుండి కూతురికి సంక్రమించుచు, సముద్రములు దాటి పరదేశముల భోజనపు బల్లలమీదికి చేరినది. 2024లో నరసాపురపు లేసుకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

ఈ లేసు పనివారిని గూర్చి జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు మారియా మీస్ పరిశోధన చేసి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలవరకు లేసు అల్లుచు, అది గాక వంటయు, నీళ్ళును, పిల్లల పెంపకమును తమ మీదనే వేసికొన్న యీ స్త్రీలను వర్తకులు పనివారుగా నెంచలేదనియు, తీరిక వేళను సద్వినియోగము చేసికొను గృహిణులుగనే పరిగణించిరనియు ఆమె వ్రాసినది. చేతిపని చేయువారు వేరు, ఆ ముక్కలను కూర్చు అతుకుపని వారు వేరు, సరకు తీసికొనిపోవు ఏజెంట్లు వేరు. గజము లేసుకు ధర యెంతయో నిర్ణయించుటలో మాత్రము అల్లినదాని మాటకు చోటులేదు. పని భారమైనదే, కాని పని కన్న భారమైనది ఆ పనిపై తనకు అధికారము లేకుండుట. అట్టి శ్రమయు, దాని వెంటనంటియుండు చింతయు స్త్రీ దేహములో ఎట్టి మార్పులు కలిగించును, బాల్యమునుండి వార్ధక్యము వరకు ఆ మార్పులు ఏ విధముగా రూపు మార్చుకొనును అను విషయమును విజ్ఞానశాస్త్రము గడచిన నూరేండ్లలో కొంత వివరింపగలిగినది.

ముందుగా ఒక భ్రమను తొలగింపవలెను. ఒత్తిడి హార్మోను లనగానే వానిని విషములుగా, శత్రువులుగా వర్ణించుట నేడు పరిపాటి యైనది. ఇది సరికాదు. కార్టిసాల్ అను హార్మోను లేనిదే మనుష్యుడు బ్రతుకజాలడు; దానిని పుట్టించు గ్రంథులు చెడిపోయినవారికి కలుగు ప్రాణాంతక వ్యాధిని థామస్ ఆడిసన్ అను ఆంగ్ల వైద్యుడు 1855లోనే వర్ణించెను. కష్టము వచ్చినపుడు ఈ హార్మోనులు పెరుగుట దోషము కాదు, అది దేహము మనకిచ్చు రక్ష. పెరిగినవి మరల తగ్గుటకు అవకాశము లేకుండుటయే దోషము. స్త్రీ జీవితమున ఆ తగ్గుదలకు అడ్డుపడునవి ఏవి, ఏయే వయస్సులందు అవి అధికమగును, వానిని తొలగించుట ఎవరి చేతిలో నున్నది: ఇదియే మన విచారణ.

ఈ శాస్త్రము మిక్కిలి పురాతనమైనది కాదు. 1901లో జపాను దేశీయుడైన తకమినె జోకిచి అడ్రినలిన్ అను ద్రవ్యమును శుద్ధరూపమున వేరుచేసెను. అటుపిమ్మట హార్వర్డు వైద్యకళాశాలలో ఆచార్యుడైన వాల్టర్ కానన్, భయము గాని కోపము గాని కలిగినపుడు జంతువు దేహము పోరుటకో పారిపోవుటకో క్షణములలో ఎట్లు సన్నద్ధమగునో నిరూపించెను. 1936లో కెనడాలోని మాంట్రియల్ నగరమున హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు, చలియైనను, గాయమైనను, విషమైనను, మితిమీరిన శ్రమయైనను, కారణమేదైనను ఎలుకల దేహము ఒకే తీరున స్పందించుననియు, బాధ దీర్ఘకాలము సాగినచో మొదట నిలద్రొక్కుకొన్న దేహమే తుదకు అలసి కూలుననియు ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న లేఖగా ప్రకటించెను. కార్టిసాల్ కోవకు చెందిన హార్మోనుల నిర్మాణమును, వైద్యమున వాని ఉపయోగమును కనుగొన్న కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్ అను మువ్వురకు 1950లో నోబెల్ బహుమానము లభించినది.

ఇక ఈ యంత్రాంగము పనిచేయు తీరు చూతము. ఉద్యోగార్థము కువైట్ వెళ్ళిన కొడుకు ఇంటినుండి అర్ధరాత్రి వేళ ఫోను మ్రోగినదనుకొందము. తల్లి ఉలికిపడి లేచును. ఆమె ఫోను చేత బట్టుకొనులోపలనే మూత్రపిండముల మీద టోపీలవలె కూర్చున్న, ఒక్కొక్కటి నాలుగైదు గ్రాముల కన్న తూగని అధివృక్క గ్రంథులనుండి అడ్రినలిన్ రక్తములో కలియును. గుండె దడదడ కొట్టుకొనును, అరచేతులు చెమర్చును. ఇది మొదటి అల. రెండవ అల నెమ్మదిగా వచ్చును. మెదడు అడుగుభాగమున నుండు హైపోథాలమస్ ఒక రాసాయనిక సందేశమును పీయూష గ్రంథికి పంపును. 1981లో వైలీ వేల్ అను శాస్త్రజ్ఞుడు ఆ సందేశద్రవ్యమును గుర్తించెను. పీయూష గ్రంథి రక్తముద్వారా అధివృక్క గ్రంథుల పై పొరను ప్రేరేపింపగా అందుండి కార్టిసాల్ వెలువడి, ఇరువది ముప్పది నిమిషములలో శిఖరము నందుకొనును. అది కాలేయముచేత చక్కెరను విడుదల చేయించును, కండరములకును మెదడునకును ఇంధనము సమకూర్చును, అత్యవసరము కాని జీర్ణక్రియ, ప్రజననము మొదలగు వ్యాపారములను తాత్కాలికముగా మందగింపజేయును. ఆ చక్కెర కణములలో చేరి ఏ శక్తిరూపము దాల్చునో, ఆ ఏటీపీ అను పదార్థమును 1929లో సైరస్ ఫిస్కెతో కలిసి వేరుచేసి చూపినవాడు, పాలకొల్లుకు చేరువనున్న భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ పరిశోధన జరిగినది కానన్ ఆచార్యత్వము నెరపిన హార్వర్డు వైద్యకళాశాలలోనే యనుట మనము గర్వముతో స్మరింపదగిన విషయము.

ఫోనులో కుశలవార్తయే వచ్చినచో, రక్తములో పెరిగిన కార్టిసాల్ తానే మరల మెదడును చేరి, ఇక చాలునని చెప్పును. ముఖ్యముగా జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోక్యాంపస్ అను భాగమున ఈ హార్మోనును గ్రహించు స్థానములు దట్టముగా నున్నవని 1968లో శాస్త్రజ్ఞుడైన బ్రూస్ మెక్‌యూయెన్ ఎలుకలయందు చూపెను. ఆ స్థానములు సందేశము నందుకొన్నంతనే పై ప్రేరణ ఆగును, గంట రెండు గంటలలో దేహము కుదుటపడును. ఇది గాక ఈ హార్మోనుకు సహజమైన దినచర్య యొకటి కలదు: తెల్లవారుజామున పెరిగి, నిద్రలేచిన అరగంట ముప్పావుగంటకు శిఖరము చేరి, ప్రొద్దు వాలినకొలది తగ్గుచు, నడిరేయికి అడుగంటును. డెల్టాలో పుట్టి పెరిగినవారికి ఈ మర్మము తేలికగా బోధపడును. ధవళేశ్వరము ఆనకట్టనుండి వచ్చు నీరు లాకులవద్ద అవసరమునుబట్టి పెరిగి తగ్గినప్పుడే చేలు పండును. వేసవిలో కొన్నాళ్ళు కాలువలు కట్టివేసి పూడిక తీసినప్పుడే మరుసటి సార్వాకు గట్లు నిలుచును. తలుపులు దింపుట మరచినచో బంగారము పండు చేను సైతము మురిగిపోవును. కార్టిసాల్ విషయమును అట్టిదే. చింత తెగకున్నప్పుడు సాయంకాలమున తగ్గవలసిన హార్మోను తగ్గదు. మరికొందరియందు ఉదయపు శిఖరమే కుంగి, దినమంతయు ఒకే మందకొడి మట్టముగా మారును. అప్పుడు నిద్ర చెడును, రక్తపోటు పెరుగును, నడుముచుట్టు క్రొవ్వు చేరును, రోగనిరోధకశక్తి తగ్గును, మనస్సు క్రుంగును. ఇట్లు ఏండ్ల తరబడి పేరుకొను అరుగుదలను మెక్‌యూయెన్ 1993లో ఒక సిద్ధాంతముగా రూపొందించెను.

ఇంతవరకు చెప్పినది స్త్రీపురుషులకు సమానము. అయితే ఈ పరిశోధనలు చిరకాలము పురుషులమీదను, మగ ఎలుకలమీదను జరిగినవే. 1995కు పూర్వము ఒత్తిడిని గూర్చి ప్రయోగశాలలలో జరిగిన పరీక్షలలో పాల్గొన్నవారిలో స్త్రీలు నూటికి పదునేడుగురు మాత్రమేయని 2000లో షెల్లీ టేలర్ అను మనశ్శాస్త్రజ్ఞురాలు ఎత్తి చూపినది. నెలనెలకు మారు హార్మోనులు లెక్కలను చిక్కుపరచునని స్త్రీలను ప్రక్కనబెట్టిరి. చిక్కుపరచునట్టి ఆ హార్మోనులే అసలు తెలిసికొనవలసిన విషయమని ఆలస్యముగా గ్రహించిరి. పోరుటయు పారిపోవుటయు మాత్రమే గాక, పిల్లలను పొదివికొనుట, తోడి ఆడువారిని చేరదీసికొనుట కూడ కష్టకాలమున స్త్రీ అవలంబించు మార్గములని టేలర్ ప్రతిపాదించినది. అరుగుమీద నలుగురు కలసి లేసు అల్లుచు చెప్పుకొను కష్టసుఖములు కాలక్షేపము మాత్రమే కావు, దేహమునకు అవసరమైన ఉపశమనములని దీనినిబట్టి భావింపవచ్చును.

ఈ కథ బాల్యముననే మొదలగును. 2000లో క్రిస్టీన్ హైమ్, చార్లెస్ నెమెరాఫ్ మొదలగు శాస్త్రజ్ఞులు 49 మంది స్త్రీలను పరీక్షించిరి. అపరిచితుల యెదుట ఉపన్యసింపుమనియు, బిగ్గరగా లెక్కలు చేయుమనియు వారిని కోరి, అప్పటి రక్తములోని హార్మోనులను కొలిచిరి. బాల్యమున హింసకు గురియై, ప్రస్తుతము కుంగుబాటుతో బాధపడుచున్న స్త్రీలలో పీయూష గ్రంథి స్పందన అట్టి హింసయు వ్యాధియు లేనివారికన్న ఆరు రెట్లకు మించి యుండెను. హింస ముగిసి ఏండ్లు గడచినను, ఆ గ్రంథి మాత్రము ముగిసినదని నమ్మలేదు. ఆడపిల్ల యని ఛీత్కరించుట, ఇంట త్రాగివచ్చి కొట్టు తండ్రిని చూచి వణకుట, ఇవి పెరిగి పెద్దయైనకొలది మరచిపోవు సంగతులని మనము తలచుచుందుము. మనస్సు మరచినను దేహము మరువదని యీ పరిశోధన చెప్పుచున్నది. ఆదరమున పెరిగిన బిడ్డ దేహము నిబ్బరము నేర్చుకొనును. ఇదియు నంతే సత్యము.

తరువాతి మలుపు యౌవనారంభము. బాల్యమున కుంగుబాటు బాలబాలికలలో ఇంచుమించు సమానము. పన్నెండు పదమూడేండ్ల ప్రాయమునుండి బాలికలలో పెరుగుచు వచ్చి, తరువాతి వయస్సులలో స్త్రీలకు పురుషులకన్న ఇంచుమించు రెండురెట్లగును. అండాశయములనుండి వెలువడు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అను హార్మోనులు కార్టిసాల్ యంత్రాంగమును పలు తావుల స్పృశించును. ప్రొజెస్టెరాన్ నుండి పుట్టు ఒక పదార్థము మెదడులో శాంతిని గూర్చు స్థానములపై పనిచేయును. నెలసరికి ముందు అది తగ్గునప్పుడు కొందరికి మాత్రమే తీవ్రమైన విసుగు, దుఃఖము కలుగును. వారి హార్మోనుల మట్టములు అందరివలెనే యుండును, భేదము ఆ మార్పునకు మెదడు స్పందించు తీరులో నున్నది. 1998లో పీటర్ ష్మిట్ బృందము దీనిని నిరూపించినది. కాబట్టి “అందరికీ వచ్చేదేగా, నీకొక్కదానికేనా?” అను మాట శాస్త్రమునకు నిలువదు.

మన సీమలో పిల్ల పెద్దమనిషి యైనపుడు తాటాకుల చాపమీద కూర్చుండబెట్టి, చిమ్మిలి ఉండలు పెట్టి, చుట్టపక్కాలు వచ్చి అక్షింతలు వేయుదురు. చిమ్మిలిలోని నువ్వులును బెల్లమును పెరుగు పిల్లకు మంచివే. కాని ఆ వేడుక ముగిసినది మొదలు ఆమె ఆటపాటలకు, నడకకు, నవ్వుకు హద్దులు గీయుటయు, పెండ్లి ప్రస్తావన తెచ్చుటయు ఆ సున్నితమైన వయస్సుపై బరువు మోపుటయే. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 20–24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పైగా పదునెనిమిదేండ్లు నిండకయే వివాహితలైరి; దేశమంతటి సగటు 23. మెదడు ఇంకను పక్వమగుచున్న దశలో అత్తవారింటి బాధ్యతలు, గర్భము, పరాధీనత ఒక్కుమ్మడిగా వచ్చి పడినచో, ఏ గ్రంథి మాత్రము తాళగలదు?

గర్భధారణము మరియొక వింత. గర్భిణి దేహమున మావియే స్వయముగా ఆ హైపోథాలమస్ సందేశద్రవ్యమును పుట్టించును. అందువలన నెలలు నిండునాటికి కార్టిసాల్ రెండు మూడు రెట్లు పెరుగును. ఇది రోగము కాదు, శిశువు ఊపిరితిత్తుల పరిపక్వమునకు ఆవశ్యకము. తల్లి కార్టిసాల్ మితిమీరి శిశువును చేరకుండ, మావిలోనుండు ఒక ఎంజైము దానిలో అధికభాగమును నిర్వీర్యము చేయును. ప్రసవముతో మావి బయటపడును. ఆ వెంటనే, తొమ్మిది నెలలు క్రమముగా పెరిగిన ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, కార్టిసాల్ ప్రేరణ, అన్నియు కొలది దినములలో పతనమగును. అందుచేతనే మూడవనాడో నాలుగవనాడో బాలింతకు కారణము లేకయే కన్నీరు వచ్చుట సామాన్యము. అది రెండు వారములలో తగ్గిపోవును. తగ్గక, నిద్రపట్టక, ఆకలి లేక, బిడ్డను చూచినను సంతోషము కలుగక, బ్రతుకు వృథాయను తలంపు వచ్చినచో అది ప్రసవానంతరపు కుంగుబాటు. భారతదేశమున జరిగిన 38 అధ్యయనములను క్రోడీకరించి 2017లో ప్రకటించిన ఒక సమీక్షలో నూటికి 22 మంది తల్లులయందు దీని లక్షణములు కనబడెను.

తొలి కాన్పు పుట్టింట జరుపుట, బాలింతకు కాయము, తెలగపిండి కూర పెట్టుట, కొన్నాళ్ళు బరువు పనులు చెప్పకుండుట మన పెద్దలు నిలిపిన మంచి పద్ధతులు. చనుబాలిచ్చు తల్లులకు శరీరశ్రమ కలిగించి చూడగా వారి ఒత్తిడి హార్మోనులు తక్కినవారి కన్న తక్కువగా పెరిగినవని 1995లో మార్గరెట్ ఆల్టెమస్ అను పరిశోధకురాలు చూపినది. ప్రకృతియే బాలింతకు కొంత రక్ష కల్పించినదన్నమాట. కాని ఆ రక్షకు ఇంటివారి రక్షయు తోడుకావలెను. బాలింతకు పథ్యము పెట్టుటతో సరిపుచ్చక, ఆమె మాట వినవలెను. ఆడపిల్ల పుట్టినదని మొగము ముడుచుకొనరాదు. రాత్రివేళ బిడ్డను ఎత్తుకొనుటకు తండ్రి చేయి కూడ ముందుకు రావలెను.

నడివయస్సున స్త్రీకి ప్రత్యేకమైన రోగమేదియు లేకపోవచ్చును. ఆమె భారమంతయు ఇతరుల రోగములది. ఈ విషయమున 1995లో ‘లాన్సెట్’ పత్రికయందు వెలువడిన ఒక చిన్న ప్రయోగమును కొంత నిదానించి చూడదగును. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున జానిస్ కీకాల్ట్-గ్లేజర్ బృందము, మతిమరపు వ్యాధి సోకిన కుటుంబసభ్యులకు సేవచేయుచున్న 13 మంది స్త్రీలను, వయస్సునందును ఆదాయమునందును వారికి సరియైన, అట్టి బాధ్యత లేని మరి 13 మంది స్త్రీలను ఎన్నుకొనెను. ఒక్కొక్కరి చేతిమీద మూడున్నర మిల్లీమీటర్ల వెడల్పున, అనగా కందిగింజంతటి గాయమును వైద్యపద్ధతిని చేసి, అది పూర్తిగా మానువరకు వేచి చూచిరి. సేవాభారము లేనివారికి సగటున 39 దినములలో మానినది. సేవచేయుచున్నవారికి 48 దినములకు పైగా పట్టినది. ఆ తొమ్మిది దినముల వ్యత్యాసమునకు మందు లోపము కారణము కాదు, ఆహారలోపము కారణమని కనబడలేదు. తెరపిలేని మనోభారము, గాయమును మాన్పు రక్తకణముల వ్యాపారమును మందగింపజేసినది. 2004లో ఎలిసా ఎపెల్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ అనువారు 58 మంది తల్లులను పరీక్షించి, ఒత్తిడి అధికముగా నున్నదని భావించినవారి రక్తకణములలోని టెలొమియర్లు, అనగా క్రోమోసోముల కొనల రక్షకభాగములు, పదేండ్లు పైబడినవారివలె క్షయించినవని కనుగొనిరి. బ్లాక్‌బర్నుకు 2009లో నోబెల్ బహుమానము లభించినది.

ఈ ప్రయోగములలోని స్త్రీలు అమెరికావారు. కాని వారి స్థితి మనకు క్రొత్తది కాదు. పక్షవాతము వచ్చిన అత్తగారికి మంచముమీదనే సమస్తోపచారములు చేయుచు, చేపల చెరువులో నష్టపోయిన భర్త అప్పులను తలచుకొనుచు, తెల్లవారుజామున రొయ్యల ఫ్యాక్టరీ బస్సు నందుకొను కోడలు మన యూళ్ళలో లేదా? పాలకొల్లు, ఆచంట, నరసాపురము ప్రాంతములనుండి కువైట్, మస్కట్, దుబాయి నగరములకు ఇంటిపనులకై వెళ్ళిన తల్లులెందరో. అచట పరుల బిడ్డల నెత్తుకొని ఫోనులో తన బిడ్డను చూచుకొను తల్లి యొకతె. ఇచట అరువదియేండ్ల వయస్సున మరల చంటిపిల్లలను పెంచు అమ్మమ్మ మరొకతె. ఈ ఇరువురిలో ఏ ఒక్కరికిని సాయంకాలము ఉపశమించునట్టి సావకాశము దొరకుట లేదు.

ముట్లుడుగు ప్రాయము తరువాతి మలుపు. మన దేశమున అది సగటున 46 ఏండ్ల ప్రాంతమున వచ్చును. ఆగిపోవుటకు ముందు కొన్ని సంవత్సరములు ఈస్ట్రోజెన్ క్రమము తప్పి ఎగుడు దిగుడులగును. ఒంటిలో ఆవిరులు, రాత్రి చెమటలు, నిద్రాభంగము, గుండెదడ, ఎన్నడులేని ఆందోళన ఈ కాలపు లక్షణములు. ఈ సంధికాలమున కుంగుబాటు వచ్చు అవకాశము అంతకుముందు కన్న హెచ్చని అమెరికాలో వేలకొలది స్త్రీలను ఏండ్ల తరబడి అనుసరించిన స్వాన్ అను అధ్యయనము చూపినది. ఇచట మన రాష్ట్రమున ప్రత్యేకమైన విచారకారణ మొకటి కలదు. 2015–16 నాటి జాతీయ సర్వేలో 15–49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీసివేయించుకొన్నవారు దేశమున నూటికి ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశమున ఇంచుమించు తొమ్మండుగురు. దేశములోనెల్ల నిదియే అధికము. గర్భసంచితో పాటు అండాశయములను కూడ తీసివేసినచో, ఏండ్లు పట్టి జరుగవలసిన హార్మోనుల తగ్గుదల ఒక్క దినమున జరిగిపోవును; ఎముకలకును, గుండెకును, మనస్సునకును అది పెద్ద దెబ్బ. పిల్లలు పుట్టినతరువాత ఆ సంచితో పనియేమని తలచువారు ఈ సంగతి తెలిసికొనవలెను. ఆపరేషను నిజముగా ఆవశ్యకమా, అండాశయములు నిలుపవచ్చునా అని మరియొక వైద్యుని అడిగి తెలిసికొనుట ప్రతి స్త్రీకి గల హక్కు.

వార్ధక్యమున ఈ యంత్రాంగము సడలును. నడిరేయి అడుగంటవలసిన కార్టిసాల్ వృద్ధులలో అంతగా తగ్గదు. అనేక పరిశోధనలను క్రోడీకరించి 2005లో క్రిస్టియన్ ఓటె బృందము, వయస్సుతో పాటు కార్టిసాల్ స్పందన పెరుగుట స్త్రీలయందు పురుషుల కన్న ఇంచుమించు మూడు రెట్లు బలముగా నుండునని తేల్చెను. వైధవ్యము, ఒంటరితనము, బిడ్డలు హైదరాబాదులోనో అమెరికాలోనో యుండుట, చేతిలో డబ్బు లేకుండుట, ఇవి యన్నియు ఈ వయస్సుననే వచ్చును. పూజకు పేరంటమునకు పిలువక మూల కూర్చుండబెట్టిన వితంతువు దుఃఖము ఆచారమున పుట్టినదే కాని, దాని ఫలము ఆమె రక్తములోను జ్ఞాపకశక్తిలోను గూడ వ్రాయబడును.

ఇన్ని బాధలు పడుచును మన స్త్రీలు “నాకు మనోవ్యాధి కలద”ని ఎన్నడును చెప్పరు. ఒళ్ళునొప్పులనియు, నీరసమనియు, తలదిమ్మనియు, అన్నము సయించుట లేదనియు డాక్టరునొద్దకు వత్తురు. బలము సూదియు, ఒక సీసా టానిక్కును పుచ్చుకొని మరలి పోవుదురు. ఈ తలుపు తెరచుటకు మన జిల్లాలోనే ఒక యత్నము జరిగినది. 2014 తరువాత జార్జ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు పల్లబ్ మౌలిక్ నాయకత్వమున నాటి పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామములలో ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ అను కార్యక్రమము నడిపిరి. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లిచ్చి, కొలది ప్రశ్నలు నేర్పిరి. “పిన్నిగారూ, ఈ రెండు వారాల్లో ఏ పని మీదా మనసు పోకుండా ఉంటోందాండీ? రాత్రిళ్ళు నిద్ర పడుతోందాండీ?” ఇట్టి ప్రశ్నలే. ఊరి నడుమ నాటకము ప్రదర్శించి, మనోవ్యాధి సిగ్గుపడవలసినది కాదని చాటిరి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యులకు శిక్షణ ఇచ్చిరి. ఐదువేల మంది స్త్రీపురుషులను పరీక్షింపగా, సహాయము కావలసినవారిలో వైద్యము పొందినవారు మునుపు నూటికి ఒకరైనను లేకుండగా, కార్యక్రమము పిమ్మట పండ్రెండుగురు దాటిరి. పెద్ద ఆసుపత్రి కట్టలేదు, క్రొత్త మందు కనుగొనలేదు. పరిచయమైన మనిషి ఆదరముగా అడిగినది, అంతియే.

చికిత్స కలదు. మాటలతో చేయు చికిత్స, అవసరమైనవారికి మందులు, క్రమమైన నిద్ర, నడక, నలుగురితో కలయిక, ఇవి యన్నియు ఉపకరించును. కుంగుబాటు రోగులయందు యోగాభ్యాసమువలన కార్టిసాల్ తగ్గుటను బెంగుళూరులోని నిమ్హాన్స్ అను మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2013లో ప్రకటించిరి. కాని కార్టిసాల్ తగ్గించునని అంగడిలో అమ్ము పొడులను నమ్మరాదు. ఒక్కసారి రక్తపరీక్ష చేయించి ఒత్తిడి యింత యని నిర్ణయించుటయు సాధ్యము కాదు. అంతకన్న ముఖ్యముగా, స్త్రీ హార్మోనులచేతనే ఆమె దుర్బల యని ఎవ్వరును నిర్ణయింపరాదు. యౌవనము, ప్రసవము, ముట్లుడుగుట, ఇవి రోగములు కావు. ఆ మలుపులలో ఆమెపై మనము మోపు అదనపు బరువే రోగమునకు దారితీయుచున్నది. ధ్యానము చేయుమని ఆమెకు బోధించి, అంట్లు ఆమెకే వదలిపెట్టినచో ఆ బోధ వలన ఫలమేమి?

కావున చదువరులకు నా విన్నపమిది. మీ ఇంట బాలిక చదువు పూర్తియగువరకు పెండ్లి మాట తేవలదు. బాలింత కన్నీరు రెండు వారములు దాటినచో వైద్యునొద్దకు తీసికొనిపొండు. రోగి సేవ చేయుచున్న స్త్రీకి వారమునకొక్క పూటయైనను మీరే స్వయముగా సెలవిప్పింపుడు. త్రాగుడు, కొట్టుడు గల యింటి స్త్రీకి 181 అను సహాయకేంద్రపు సంఖ్యను తెలియజెప్పుడు. మనస్సు క్రుంగినవారు ఎవరైనను, ఏ వేళనైనను, 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును; 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ఈ టెలీ-మానస్ సేవకు రుసుము లేదు. ఆశా కార్యకర్త గుమ్మములోనికి వచ్చి మీ ఇంటి ఆడువారిని ప్రశ్నించునప్పుడు, వారి బదులుగా మీరు సమాధానము చెప్పకుడు, వారినే చెప్పనిండు.